పడుగు బిగువు, ఎంజైమ్ బిగువు

(తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వినబడుతోందా? సరే.

జున్ను తినని వాళ్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. ఒక్క చెయ్యి కూడా లేవలేదు. అయితే అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆవు ఈనాక తొలి రెండు మూడు రోజుల పాలు పొయ్యి మీద పెడితే గడ్డకడతాయి. కొన్నాళ్లు గడిచాక అదే ఆవు పాలు ఎంత మరిగించినా గడ్డకట్టవు. పొంగుతాయి, మీగడ కడతాయి, అంతే. పుత్తూరు దగ్గర మా ఊళ్లో మాకు ఒక మగ్గం, ఒక ఆవు ఉండేవి. ఈ పాలు ఎందుకు గడ్డకడతాయి, ఆ పాలు ఎందుకు గడ్డకట్టవని చిన్నప్పుడు మా అవ్వను అడిగాను. ఆమెకు తెలియదు. నాకూ ఎమ్మెస్సీకి వచ్చేదాకా తెలియలేదు. తెలిసిన రోజు హాస్టల్ నుంచి ఫోన్ చేసి ఆమెకు చెప్పాను.

జున్నుపాలలో దూడను జబ్బుల నుంచి కాపాడే ప్రోటీన్లు చాలా ఎక్కువగా ఉంటాయి. ఒక్కో ప్రోటీన్ ఒక పొడవాటి దారం అనుకోండి. ఆ దారం ఎలా పడితే అలా ఉండదు, ముడుచుకుని తనకంటూ ఒక ఆకారంలో ఉంటుంది. వేడి తగిలితే ఆ మడతలు విచ్చుకుంటాయి. విచ్చుకున్న దారాలు పక్కవాటితో చిక్కుపడతాయి. ఆ చిక్కునే మనం బెల్లం, యాలకులు వేసుకుని తింటున్నాం. మామూలు పాలలో ఎక్కువగా ఉండేది కేసీన్ అనే ప్రోటీన్. దానికి మొదటి నుంచీ అంత గట్టి మడతలు లేవు. మడతే లేనప్పుడు విచ్చుకునేదేముంది? అందుకే ఆ పాలు మరిగినా గడ్డకట్టవు.

ఎంజైమ్ కూడా ప్రోటీనే. ఏళ్లు పట్టే రసాయన చర్యను రెప్పపాటులో జరిపించే ప్రోటీన్. దాని బలమంతా ఆకారంలో ఉంది. ఆకారం విచ్చుకుంటే పని ఆగిపోతుంది. నేను పనిచేసేది బాక్టీరియా ఎంజైముల మీద. వాటి ఆకారం ఏమిటి, ఎంత వేడికి విచ్చుకుంటాయి, విచ్చుకోకుండా మనం ఏం మార్చగలం? ఇరవై ఏళ్లుగా నా పని ఇదే.

ముందు ఆ దారం ఎందుకు ముడుచుకుంటుందో చూద్దాం. ఆ దారాన్ని ఇరవై రకాల పూసలు గుచ్చిన దండ అనుకోవచ్చు. ఆ పూసల పేరు అమైనో ఆమ్లాలు. వాటిలో కొన్నింటికి నీళ్లంటే ఇష్టం, కొన్నింటికి నీళ్లు సరిపడవు. చారులో తాలింపు వేస్తే నూనె చుక్కలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి కదా, నీళ్లు సరిపడని పూసలు కూడా అలాగే ఒకచోట చేరి లోపలికి దాక్కుంటాయి. నీళ్లంటే ఇష్టం ఉన్నవి బయట నిలబడతాయి. దాంతో దండ ముడుచుకుంటుంది.

అయితే ఎటు పడితే అటు ముడుచుకోలేదు. దండ ఒక్కో చోట ఎంత కోణంలో తిరగగలదో, ఎక్కడ తిరిగితే అణువులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయో లెక్కగట్టి చూపించింది మనకు దగ్గర్లోనే, మద్రాసు యూనివర్సిటీలో. 1963లో జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ వేసిన ఆ పటాన్ని ప్రపంచమంతా రామచంద్రన్ ప్లాట్ అంటుంది. ఈ రోజుకీ ఏ ల్యాబ్‌లో ఎవరు కొత్త ప్రోటీన్ ఆకారం కనుక్కున్నా, అది సరిగా ఉందో లేదో ముందు ఆ పటం మీద పెట్టి చూస్తారు. తిరుపతి నుంచి మూడు నాలుగు గంటల్లో చేరగల ఊళ్లో పుట్టిన సంగతి ఇది. ఈ పేరును మీరు గర్వంగా చెప్పుకోవాలని నా కోరిక.

ఇప్పుడు నేను ఈ రోజు చెప్పదలుచుకున్న అసలు విషయానికి వస్తాను. ముడుచుకున్న ఎంజైమ్ చాలా గట్టిగా ఉంటుందని మనం అనుకుంటాం. ఉండదు. దాన్ని పట్టి ఉంచే చిన్న చిన్న ఆకర్షణలు వందలు, వేలు. కానీ విచ్చుకుని స్వేచ్ఛగా ఊగాలని దండకు ఉండే మొగ్గు కూడా దాదాపు అంతే బలమైనది. ఒక ఇంట్లో ఏడాదికి లక్ష రూపాయల రాబడి, తొంభై తొమ్మిది వేల ఖర్చు ఉంటే చేతిలో మిగిలేది వెయ్యి. ఎంజైమ్ నిలబడేది ఆ మిగిలిన వెయ్యి మీదే. నికరంగా లెక్కేస్తే ఆ బలం హైడ్రోజన్ బంధాలనే చిన్న ఆకర్షణలు కొన్నింటి విలువకు సమానం. అందుకే కొన్ని డిగ్రీల వేడి పెరిగినా, నీళ్లలో పులుపు మారినా అది విచ్చుకుంటుంది.

మరి ఇంకా గట్టిగా ఎందుకు తయారు కాలేదు? దీనికి జవాబు నేను పుస్తకంలో చదవకముందే మా ఇంట్లో చూశాను. మా నాయన మగ్గం మీద పడుగు బిగించి, పోగుల మీద వేలితో మీటి చూసేవాడు. బిగువు ఎక్కువైతే పోగులు తెగుతాయి. తక్కువైతే పోగుల మధ్య దారి సరిగా తెరుచుకోదు, నాడె ఇరుక్కుంటుంది. ఎంజైమ్ కూడా తెరుచుకోవాలి, సరుకును పట్టుకోవాలి, కోయాలి, వదలాలి. సెకనుకు వందలసార్లు ఇలా చేసేవి ఉన్నాయి. రాయిలా బిగుసుకుపోతే ఈ పని చేయలేదు. వేడి నీటి ఊటల్లో బతికే బాక్టీరియా ఎంజైములను మామూలు గది వేడిలో పెడితే చాలావరకు మందంగా పనిచేస్తాయి. వాటి బిగువు ఆ ఊట వేడికి సరిపోయేలా ఉంటుంది, మన గదికి కాదు.

వేడి ఊటలంటే గుర్తొచ్చింది. 1966లో థామస్ బ్రాక్ అనే అమెరికా శాస్త్రవేత్త యెల్లోస్టోన్ పార్కులోని వేడి నీటి ఊట నుంచి ఒక బాక్టీరియా తెచ్చారు. దాని పేరు థర్మస్ అక్వాటికస్. పదేళ్లకు, 1976లో, దాని నుంచి డీఎన్ఏ నకళ్లు తీసే ఎంజైమ్‌ను వేరుచేశారు. డీఎన్ఏ నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతిలో ప్రతి విడతలోనూ 95 డిగ్రీల దాకా వేడి చేయాలి. మొదట్లో మామూలు ఎంజైమ్ ప్రతిసారీ చచ్చిపోతుంటే, మళ్లీ మళ్లీ కొత్తగా పోసేవాళ్లు. ఈ ఊట ఎంజైమ్ ఆ వేడిని తట్టుకుంది. ఒక్కసారి పోస్తే చాలు. కరోనా సమయంలో మన అందరి ముక్కుల్లోంచి తీసిన నమూనాలను పరీక్షించిన పద్ధతికి ఆధారం అదే.

ఇక మన దగ్గరికి వద్దాం. ఇక్కడ నగరి, పుత్తూరు, నారాయణవనం వైపు నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు కదా. పడుగుకు గంజి ఎందుకు పట్టిస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. పోగు తెగకుండా. కానీ నేత అయ్యాక బట్టకు రంగు వేయాలంటే ఆ గంజి పోవాలి, లేదంటే రంగు సరిగ్గా పట్టదు. వెనకటికి గంజి తీయడానికి యాసిడ్‌లో నానబెట్టేవాళ్లు. యాసిడ్‌కు గంజి ఏది, నూలు ఏది అన్న తేడా తెలియదు. రెండూ చక్కెరల గొలుసులే కాబట్టి గంజితో పాటు నూలునూ కొరుకుతుంది, బట్ట బలం తగ్గుతుంది. అమైలేజ్ అనే బాక్టీరియా ఎంజైమ్‌కు ఆ తేడా తెలుసు. గంజి గొలుసునే కోస్తుంది, నూలు గొలుసును ముట్టుకోదు. రెండింటిలోనూ ఉండేది గ్లూకోజే, దాన్ని కలిపిన తీరు మాత్రం వేరు. ఆ చిన్న తేడాను పట్టుకునేలా ఎంజైమ్‌లోని గాడి తయారై ఉంది. మా నాయనకు ఇది చెప్పినప్పుడు ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "కంటికి కనబడనిదానికి ఇంత వివరం ఎట్ల తెలుస్తుంది" అన్నాడు. ఆ ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు.

ఈ అమైలేజ్‌లలో ఒక విశేషం ఉంది. బాసిల్లస్ లైకెనిఫార్మిస్, బాసిల్లస్ అమైలోలిక్విఫేసియన్స్ అని రెండు దగ్గరి చుట్టాలు. రెండింటి అమైలేజ్‌లు నూటికి ఎనభై పాళ్లు ఒకటే. అయినా మొదటిది రెండోదానికన్నా చాలా ఎక్కువ వేడిని ఓర్చుకుంటుంది, 90 డిగ్రీలు దాటిన పిండినీళ్లలో కూడా పనిచేస్తుంది. విచిత్రమేమిటంటే ఆ బాక్టీరియా అంత వేడిలో బతకనే బతకదు. మరి తన ఎంజైమ్‌కు అంత ఓర్పు ఎందుకు? ఆ ఓర్పు ఎక్కడుందో మాత్రం చాలావరకు తెలిసింది. కొన్ని చోట్ల పూసల మార్పుల్లో ఉంది, మడతల మధ్య కూర్చున్న కాల్షియంలో ఉంది. ఆ కాల్షియం తీసేస్తే ఎంజైమ్ మామూలుదై విచ్చుకుంటుంది. బట్టల్లో బొత్తాం లాంటిది కాల్షియం.

ఓర్పు ఎప్పుడూ మనకు మేలే చేస్తుందనుకోకండి. చిత్తూరు వైపు పాల వ్యాపారం మీద బతికే ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. పాలను చల్లబరిచి ఉంచితే చాలా క్రిములు పెరగవు. కానీ సూడోమోనాస్ జాతి బాక్టీరియాలు కొన్ని ఆ చలిలో కూడా పెరుగుతాయి, పెరుగుతూ ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌ను పాలలోకి వదులుతాయి. తర్వాత పాలను వేడిచేస్తే బాక్టీరియా చస్తుంది, ఎంజైమ్ మాత్రం పూర్తిగా చావదు. 140 డిగ్రీల దగ్గర కొన్ని సెకన్లు ఉంచినా కొంత మిగులుతుంది. నెలల తరబడి నిలవ ఉండాల్సిన ప్యాకెట్ పాలు మధ్యలో చేదెక్కడానికి ఒక కారణం ఇదే. అది కేసీన్‌ను కోసిన ముక్కల్లో కొన్ని చేదుగా ఉంటాయి.

1970లలో పరిశోధకులు ఒక ఆశ్చర్యమైన సంగతి గమనించారు. 140 డిగ్రీలకు లొంగని ఈ ఎంజైమే 55 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచితే చాలావరకు పనికిరాకుండా పోతుంది. ఎందుకలా? 55 దగ్గర కొన్ని అణువుల మడతలు వదులవుతాయి, మిగతావి ఇంకా పనిలోనే ఉంటాయి. పనిలో ఉన్నవి వదులైన వాటిని ప్రోటీన్ ముక్కల్లాగే కోసేస్తాయి. 140 దగ్గరైతే అన్నీ ఒకేసారి విచ్చుకుంటాయి, కోయడానికి ఏదీ మిగలదు. చల్లారాక కొన్ని మళ్లీ ముడుచుకుంటాయి. వేడి ఎంత అని మాత్రమే అడిగితే ఇది ఎప్పటికీ అర్థం కాదు. ఆకారం ఆ వేడిలో ఏం చేస్తోందని అడగాలి. పాలు పోసేవాళ్లకు నేను చెప్పేది మాత్రం తేలిక: పితికిన వెంటనే శుభ్రమైన పాత్రలో పోసి చల్లబరచండి, ఆ తర్వాత ఎక్కువ రోజులు పచ్చిపాలుగా ఉంచకండి. ఎంజైమ్ పుట్టాక దాన్ని వదిలించుకోవడం కష్టం.

ఆకారాన్ని చూడటం గురించి క్లుప్తంగా చెబుతాను. కలకండ కట్టినట్టు ఎంజైమ్‌ను కూడా స్ఫటికంగా పెంచి, దాని మీదికి ఎక్స్‌రే పంపి లెక్కలు కడతాం. కలకండలా గట్టిగా ఉండవు ఈ స్ఫటికాలు. దాదాపు సగం నీళ్లే, సూది తగిలితే పగులుతాయి. బలమైన ఎక్స్‌రే కావాలంటే ఇండోర్‌లోని ఇండస్-2 కేంద్రం దాకా వెళ్లాలి. ఇప్పుడు ఆల్ఫాఫోల్డ్ అనే కంప్యూటర్ పద్ధతి దండలోని పూసల వరుస ఇస్తే చాలు, ఆకారం చెప్పేస్తోంది. దానికి 2024లో కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా వచ్చింది. నేను రోజూ వాడతాను. కానీ ఒక పూస మారిస్తే ఎంజైమ్ ఎన్ని డిగ్రీలు గట్టిపడుతుందో, అసలు గట్టిపడుతుందో లేదో దాన్ని చూసి నమ్మకంగా చెప్పలేం. అందుకు ఇంకా ట్యూబు పట్టుకోవాల్సిందే.

మార్చడానికి రెండు దారులు ఉన్నాయి. మొదటిది, ఆకారం చూసి బలహీనమైన చోటు పట్టుకోవడం. బట్టల పౌడర్లలో వాడే సబ్టిలిసిన్ అనే ఎంజైమ్ బ్లీచ్ తగిలితే దెబ్బతినేది. కారణం 222వ చోట ఉన్న మిథియోనిన్ అనే పూస. 1985లో దాని చోట వేరే పూసలు పెట్టి చూశారు. కొన్ని పెట్టినప్పుడు ఎంజైమ్ బ్లీచ్‌కు తట్టుకుంది, కాకపోతే పని వేగం కొంత తగ్గింది. బిగువు లెక్క మళ్లీ వచ్చింది చూడండి.

రెండో దారి పుంగనూరు ఆవు దారి. అంత చిన్న ఆవును మన పెద్దలు జన్యువులు చదివి తయారుచేయలేదు. పుట్టినవాటిలో నచ్చినవాటిని నిలుపుకుంటూ తరతరాలుగా వచ్చారు. ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఎంజైమ్‌తో ఇదే చేశారు. సబ్టిలిసిన్ జన్యువులో ఎక్కడ పడితే అక్కడ చిన్న తప్పులు దొర్లించి, ఆ రకాలను పాల ప్రోటీన్ కలిపిన జెల్లీ ప్లేట్ల మీద పెంచారు. ఎంజైమ్ బాగా పనిచేస్తే చుట్టూ తెల్లదనం పోయి ఉంగరంలా తేటబడుతుంది. ఉంగరం పెద్దగా ఉన్నదాన్ని ఎంచుకుని మళ్లీ తప్పులు దొర్లించారు. 1993 నాటికి, నూటికి 60 పాళ్లు డైమిథైల్ ఫార్మమైడ్ అనే ద్రావకం ఉన్న ద్రవంలో అసలు ఎంజైమ్ కంటే 256 రెట్లు బాగా పనిచేసేది తయారైంది. 2018లో ఆమెకు నోబెల్ వచ్చింది. మన హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలో కూడా ఇదే పద్ధతిలో బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియాకు చెందిన, కొవ్వును కోసే లైపేజ్‌ను విడతలవారీగా మార్చారు. దాదాపు 56 డిగ్రీలకు విచ్చుకునే ఎంజైమ్ 78 దాకా నిలబడింది. అంతకంటే ముఖ్యం, వేడిచేస్తే గడ్డకట్టడం మానేసింది. ఆకారం తీసి చూస్తే, ఊగిసలాడే వంపులూ కొసలూ బిగుసుకున్నాయని తేలింది.

నా సంగతి ఒకటి చెప్పాలి. పీహెచ్‌డీ రెండో ఏడాది ప్రోటీన్లను కోసే ఒక ప్రోటియేజ్‌ను గట్టిపరచాలనుకున్నాను. వంపులో ఒక చోట గ్లైసిన్ ఉంది. అన్నింటికన్నా చిన్న పూస. చిన్నది కాబట్టి అక్కడ ఖాళీ ఉంది, పెద్ద పూస పెడితే ఖాళీ నిండి బిగుసుకుంటుందనుకున్నాను. కంప్యూటర్‌లో బొమ్మ చక్కగా వచ్చింది. ఎనిమిది నెలలు పనిచేశాను. బాక్టీరియాలో ఆ ఎంజైమ్ తయారైంది, కానీ ట్యూబు అడుగున తెల్లటి ముద్దగా దిగింది. జున్ను. వేడి తగలకుండానే జున్ను. వేడి ఎక్కువైందేమో, ఉప్పు తక్కువైందేమో అని ఎన్ని మార్చినా అదే ముద్ద. టెన్షన్‌తో నిద్రపట్టేది కాదు, చదువు మానేద్దామనుకున్నాను. చివరికి ఒక సీనియర్ అక్క రామచంద్రన్ ప్లాట్ తీసి నా ముందు పెట్టింది. ఆ వంపులో దండ తిరిగిన కోణం ఎలాంటిదంటే, మిగతా పూసలు ఏవి పెట్టినా అణువులు గుద్దుకుంటాయి. ఒక్క గ్లైసిన్‌కే వీలవుతుంది. ఖాళీ ఉందని నేననుకున్న చోటే మడత మొత్తం తిరిగే చోటు. ఎమ్మెస్సీలో పరీక్షకు రాసిన పటాన్ని నా సొంత ఎంజైమ్ మీద పెట్టి చూడాలని తోచలేదు నాకు. అప్పటి నుంచి ఏ పూసను మార్చాలన్నా ముందు అది అక్కడెందుకు ఉందో నోట్‌బుక్‌లో రాస్తాను. రాయలేకపోతే ముట్టుకోను. నా విద్యార్థుల చేతా అదే చేయిస్తాను.

ఇక ఈ మధ్య నన్ను బాగా కదిలించిన పని. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు ఆపి గాజు సీసాలు తెచ్చారు, మంచి పని. కొండ కింద మాత్రం ఆ బాటిళ్లు రోజూ చూస్తూనే ఉన్నాం. వాటి ప్లాస్టిక్ పేరు పెట్. అది కూడా గొలుసే. 2016లో జపాన్‌లోని సకాయ్ నగరంలో, బాటిళ్లు రీసైక్లింగ్ చేసే చోటు నుంచి ఒక బాక్టీరియాను పట్టినట్టు ప్రకటించారు. ఐడియోనెల్లా సకాయెన్సిస్. పెట్‌నే తిని బతుకుతుంది. పలుచటి పొరను 30 డిగ్రీల దగ్గర ఆరు వారాల్లో కరిగించింది. కానీ ఆ ఎంజైమ్ వేడికి ఓర్వలేదు. పెట్ గొలుసులేమో 65, 70 డిగ్రీలు దాటితేనే మెత్తబడతాయి. మెత్తబడని గొలుసు ఎంజైమ్ గాడిలోకి రాదు.

ఇంతకుముందే, 2012లో, జపాన్‌లోనే ఆకుల ఎరువు కుప్పలోని డీఎన్ఏ నుంచి ఇంకో ఎంజైమ్ తీశారు. ఏ బాక్టీరియాదో పెంచి చూడకుండానే జన్యువు మాత్రం పట్టుకున్నారు. ఆకుల మీద ఉండే మైనం లాంటి పొరను కోసేది అది. కుళ్లే ఆకుల కుప్పలో చెయ్యి పెడితే లోపల ఎంత వేడిగా ఉంటుందో రైతులకు తెలుసు. కాబట్టి ఇది వేడికి ఓరుస్తుంది. ఫ్రాన్స్‌లోని టులూజ్ పరిశోధకులు దీన్ని తీసుకున్నారు. ఇందులోనూ కాల్షియం బొత్తాం ఉంది, అది ఉంటేనే బలం. కాల్షియం మీద ఆధారపడకుండా, ఆ చోట గంధకం ఉన్న రెండు పూసలు పెట్టి వాటి మధ్య గట్టి కుట్టు వేశారు. విచ్చుకునే వేడి దాదాపు పది డిగ్రీలు పెరిగింది. కోత జరిగే గాడిలో ఇంకో పూస మార్చి వేగం తెచ్చారు. 2020లో ఆ ఎంజైమ్ 72 డిగ్రీల దగ్గర పది గంటల్లో నూటికి 90 పాళ్ల పెట్‌ను మొదటి ముడిసరుకుగా విడగొట్టింది. ఆ ముడిసరుకుతో మళ్లీ కొత్త బాటిల్ చేసి చూపించారు. ఎక్కడ బిగించాలి, ఎక్కడ వదలాలి అన్న ఎరుకతో చేసిన పని కాబట్టే నాకు అది అంత నచ్చింది.

దీంతో ప్లాస్టిక్ బెడద తీరిపోయిందని మాత్రం నేను చెప్పను. బాటిల్‌ను ముందు కరిగించి హఠాత్తుగా చల్లార్చాలి, ఆ తర్వాత పొడి చేయాలి. చర్య జరుగుతుంటే యాసిడ్ పుడుతుంది, దాన్ని విరచడానికి క్షారం పోస్తూ ఉండాలి, చివరికి ఉప్పు మిగులుతుంది. వీధిలో పారేసిన బాటిల్ మీద ఇది చల్లితే ఏమీ కాదు. క్యారీబ్యాగులు వేరే ప్లాస్టిక్, వాటిని ఇది ముట్టుకోనే ముట్టుకోదు.

ప్రశ్నలు ఉంటే అడగండి. అమ్మా, మీరు చెప్పండి.

బట్టల పౌడర్ మరిగే నీళ్లలో వేస్తే ఎంజైమ్ పోతుందా అని అడుగుతున్నారు. పోతుందమ్మా. గోరువెచ్చటి నీళ్లలో కలిపి అరగంట నానబెట్టండి, మరకను కోయడానికి దానికి టైం కావాలి. ఇంకొకటి, మీరు అడగకపోయినా చెబుతాను. నారాయణవనం పట్టుచీరకు ఎంజైమ్ ఉన్న పౌడర్ వాడకండి. పట్టు కూడా ప్రోటీనే. పాల మరకలో, గుడ్డు మరకలో ఉన్న ప్రోటీన్ ఏది, చీర ఏది అని అది చూడదు. కొంచెం కొంచెంగా చీరను కూడా కోస్తుంది.

వెనక బల్ల మీద నాలుగు ప్లేట్లు పెట్టాను. పాలు కలిపిన జెల్లీ, దాని మీద మా ల్యాబ్ పెరటి మట్టిలోంచి తీసిన బాక్టీరియా. చుట్టూ తేటబడిన ఉంగరాలు కనబడతాయి, మూడో ప్లేటులోది అన్నింటికన్నా పెద్దది. అది ఏ బాక్టీరియానో మేమింకా తేల్చలేదు. మూతలు తీయకుండా, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి.